ఆధునిక జపాను సంగీతం - సంగీతవిద్య : స్వరక్రమ సమన్వయం, సంప్రదాయ విస్మృతి, పునర్విచారం

ఒక జాతి సంగీతాభిరుచి తరతరాల శ్రవణాభ్యాసం వల్ల ఏర్పడుతుంది. అది సహజంగా మారడానికి శతాబ్దాలు పడుతుంది. అయితే రాజ్యవ్యవస్థ పూనుకొని పాఠశాలల ద్వారా మార్చదలిస్తే ఒకటి రెండు తరాలలోనే ఆ జాతి చెవి మారిపోగలదని నిరూపించిన దేశం జపాను. 1868లో మెయిజీ చక్రవర్తి పాలన ఆరంభమైన నాటి నుంచి నేటి వరకు అక్కడి సంగీతవిద్య పొందిన పరిణామాలను పరిశీలిస్తే, విద్యావిధానానికి, సంప్రదాయకళకు మధ్య ఉండే సంబంధం ఎంత సున్నితమైనదో విశదమవుతుంది. బాలునికి పాఠశాలలో నేర్పవలసింది ఎవరి సంగీతం? దానిని ఏ పద్ధతిలో నేర్పాలి? ఈ రెండు ప్రశ్నలే ఆధునిక జపాను సంగీత చరిత్రకు ఇరుసు వంటివి.

పూర్వరంగం

జపాను ప్రాచీన సంగీతానికి, భారతదేశానికి గల సంబంధం ప్రాచ్యవిద్యాభ్యాసకులకు ఆసక్తికరమైనది. బౌద్ధ మఠాలలోని మంత్రగానాన్ని జపానీయులు 'షోమ్యో' అంటారు. ఇది పంచవిద్యలలో ఒకటైన 'శబ్దవిద్య'కు చైనా లిపిలో చేసిన అనువాదపదం. వ్యాకరణవాచకమైన సంస్కృత శబ్దం అక్కడ గానవాచకంగా పరిణమించింది. సరస్వతీదేవి 'బెన్‌జైతెన్' అనే పేర వెలసి, వీణకు బదులు 'బివా' అనే తంత్రీవాద్యాన్ని చేత ధరించింది. 736లో జపాను చేరిన బోధిసేనుడనే భారతీయ భిక్షువు 752లో నారా నగరంలోని తోదాయ్‌జీ మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం జరిపాడు. ఆ మహోత్సవంలో వివిధ దేశాల సంగీత నృత్యాలు ప్రదర్శితమయ్యాయి.

పందొమ్మిదో శతాబ్ది మధ్యనాటికి జపాను సంగీతం వర్గాలవారీగా విభక్తమై ఉంది. రాజాస్థానానిది 'గగాకు'. యోధవర్గం ఆదరించినది 'నో' నాట్యం. నగరవాసులు మూడు తంత్రుల 'షామిసెన్'ను, పదమూడు తంత్రుల 'కోతో'ను ఆదరించారు. 'షకుహాచి' అనే వెదురు వేణువు ఫుకే శాఖకు చెందిన భిక్షువుల సొత్తు. కోతో వాదన, బోధనలపై 'తోదోజా' అనే అంధ వాద్యకారుల శ్రేణికి విశేషాధికారాలు ఉండేవి. ప్రతి కళకు గురుకుటుంబాలు ఉండేవి. వంశాధిపతియైన గురువే శాస్త్రానికి ప్రమాణం. మెయిజీ ప్రభుత్వం 1871లో ఫుకే శాఖను, తోదోజాను రద్దుచేసింది. షోగునుల పోషణ పోవడంతో నో కళాకారులు నిరాశ్రయులయ్యారు. దీనివల్ల కళలకు పూర్వపు రక్షణ పోయింది. అయితే మరొక దృష్టితో చూస్తే ఎవరైనా ఏ వాద్యాన్నైనా నేర్చుకొనే స్వేచ్ఛ లభించింది. నేడు ప్రపంచవ్యాప్తమైన షకుహాచి అప్పుడే మతపరిధిని దాటి లౌకికవాద్యంగా మారింది.

శాసనంలో చోటు, పాఠశాలలో శూన్యం

1872లో వెలువడిన విద్యాశాసనం ప్రాథమిక పాఠశాలలో 'షోకా' అనగా గానాన్ని, మాధ్యమిక పాఠశాలలో వాద్యసంగీతాన్ని పాఠ్యవిషయాలుగా పేర్కొన్నది. కాని ప్రస్తుతానికి దీనిని విడిచిపెట్టవచ్చుననే సూచన కూడా అక్కడే చేర్చింది. పాశ్చాత్య విద్యాప్రణాళికలను అనుసరించి విషయాల పట్టికను సిద్ధం చేశారు గాని, ఏ పాట పాడించాలో, ఎవరు నేర్పాలో అప్పటికి ఎవరికీ తెలియదు. గగాకు పిల్లలకు అందనిది. షామిసెన్ పాటలు వినోదవాటికలకు చెందినవని విద్యాధికారుల అభిప్రాయం. అందువల్ల శాసనంలో గానానికి చోటు ఉన్నా, తరగతిలో అది లేకుండానే కొన్నేళ్లు గడిచాయి.

ఈ శూన్యాన్ని పూరించినవాడు ఇసావా షూజి (1851-1917). ప్రభుత్వం 1875లో ఉపాధ్యాయ శిక్షణ విధానాన్ని అధ్యయనం చేయడానికి అతనిని అమెరికాకు పంపింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌వాటర్ శిక్షణ కళాశాలలో అతడు తక్కిన విషయాలన్నింటిలో రాణించినా పాశ్చాత్య స్వరక్రమాన్ని పాడలేకపోయాడు. అతని కష్టాన్ని గమనించిన ప్రధానాచార్యుడు సంగీతం నుంచి మినహాయింపు ఇస్తానన్నాడు. దేశం తనను పంపినది సగం చదువు కోసం కాదని ఇసావా మిక్కిలి దుఃఖించాడు. అనంతరం బోస్టన్ పాఠశాలల సంగీతబోధకుడైన లూథర్ వైటింగ్ మేసన్ (1818-1896) వద్ద శ్రమించి ఆ లోపాన్ని సరిదిద్దుకున్నాడు. ఈ ఉదంతం ఒక వ్యక్తి అశక్తతను మాత్రమే సూచించేది కాదు. పంచస్వర ప్రధానమైన సంగీతంలో పెరిగిన చెవికి సప్తస్వర క్రమంలోని అర్ధస్వరాంతరాలు ఎంత దుర్గ్రాహ్యాలో అది తెలుపుతుంది.

ఇసావా 1878లో స్వదేశం చేరాడు. అమెరికాలోని జపాను విద్యార్థుల పర్యవేక్షకుడైన మెగతా తనెతారోతో కలిసి సంగీతవిద్యను గురించి ప్రభుత్వానికి విజ్ఞప్తి చేశాడు. దాని ఫలితంగా 1879 అక్టోబరులో 'సంగీత పరిశోధన విభాగం' ఏర్పడింది. ఇసావా దానికి అధిపతి అయ్యాడు. 1880 మార్చిలో మేసన్ జపాను వచ్చి 1882 వరకు పనిచేశాడు. అప్పటికి ప్రచారంలో ఉన్న మూడు అభిప్రాయాలను ఇసావా పేర్కొన్నాడు. పరిణతి పొందిన పాశ్చాత్య సంగీతాన్నే యథాతథంగా నాటుకోవాలనేది మొదటిది. ఏ దేశపు సంగీతం ఆ దేశానికే తగినది గనుక స్వదేశీ సంగీతాన్నే పెంపొందించుకోవాలనేది రెండవది. ప్రాక్పశ్చిమ సంగీతాలను సమన్వయించి నూతన సంగీతాన్ని నిర్మించాలనేది మూడవది. ఇసావా మూడవదానిని స్వీకరించాడు. సమన్వయ సంగీతాన్ని కల్పించడం, భావి జాతీయ సంగీతానికి తగిన వ్యక్తులను తయారుచేయడం, పాఠశాలలలో సంగీతాన్ని అమలుచేయడం అనేవి ఆ విభాగం లక్ష్యాలుగా నిర్ణీతమయ్యాయి. ఈ విభాగమే 1887లో టోక్యో సంగీత పాఠశాలగా మారింది. 1949లో లలితకళల పాఠశాలతో కలిసి టోక్యో కళా విశ్వవిద్యాలయంగా రూపొందింది.

స్వరక్రమ సమన్వయం

ఈ సమన్వయం ఆచరణలో ఎలా జరిగిందో పరిశీలించాలి. ఆ కాలంలో స్వరాలను దేశీయ సంఖ్యావాచకాలైన 'హి, ఫు, మి, యో, ఇ, ము, నా' అనే అక్షరాలతో పాడేవారు. వీటిలో నాల్గవది 'యో', ఏడవది 'నా'. ఈ రెండింటినీ 'నుకి' అనగా తీసివేస్తే మిగిలిన పంచస్వర క్రమానికే 'యోనానుకి' అని పేరు. మన పరిభాషలో చెప్పాలంటే శంకరాభరణ స్వరాలలో మధ్యమ నిషాదాలను వర్జిస్తే మోహన స్వరాలు లభిస్తాయి. ఇదే యోనానుకి గురుక్రమం. పాశ్చాత్య లఘుక్రమంలో నాలుగు, ఏడు స్వరాలను తొలగిస్తే షడ్జం, చతుశ్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం, పంచమం, శుద్ధ ధైవతం మిగులుతాయి. శివరంజనిలోని చతుశ్శ్రుతి ధైవతానికి బదులు శుద్ధ ధైవతాన్ని ఉంచితే ఈ క్రమం వస్తుంది. తరువాతి కాలంలో 'ఎన్‌కా' అనే విషాదప్రధానమైన జనప్రియ గీతాలకు ఇదే ఆధారమైంది.

యోనానుకి క్రమం పాశ్చాత్య చెవికి తన స్వరక్రమంలోని భాగంగా వినిపిస్తుంది. జపాను చెవికి అలవాటైన పంచస్వర గానంగా తోస్తుంది. రెండు సంగీతాలకు ఉమ్మడి భూమి ఇదే. విభాగం ప్రకటించిన ప్రాథమిక పాఠశాల గీతసంపుటాలు 'షోగాకు షోకాషూ' అనే పేర 1881-84 మధ్యకాలపు ముద్రలతో మూడు భాగాలుగా వెలువడ్డాయి. వీటిలోని 91 గీతాలలో అధికభాగం పాశ్చాత్య వర్ణమెట్లకు జపాను సాహిత్యం కూర్చినవే. వాటిలో చిరస్థాయిగా నిలిచినది 'హొతరు నొ హికరి' అనగా మిణుగురుల వెలుగు. దీని వరుస స్కాట్లండు దేశపు 'ఆల్డ్ లాంగ్ సైన్'. ఆ స్కాట్లండు గీతం స్వభావతః మధ్యమ నిషాద వర్జితమైన పంచస్వర గీతం. అది జపానులో పరాయి పాటగా తోచకపోవడానికి ముఖ్యకారణం ఇదే. ఒక చదువరి మిణుగురుల వెలుగులోను, మరొక చదువరి కిటికీ చెంత మంచు కాంతిలోను చదివారనే చైనా ఐతిహ్యాన్ని సాహిత్యం స్ఫురింపజేస్తుంది. పాశ్చాత్య ధాతువు, ప్రాచ్య మాతువు కలిసిన ఈ గీతం నేటికీ విద్యాలయాల వీడ్కోలు సభలలో వినిపిస్తుంది.

వీడ్కోలు గీతాలలో 'అఒగెబ తోతోషి' మరొకటి. గురుభక్తిని ప్రశంసించే ఈ పాట ఇసావా స్వరపరచినదని కొందరు, ఇతర దేశానిదని మరికొందరు చిరకాలం వాదించారు. 1871లో అమెరికాలో ముద్రితమైన ఒక పాఠశాల గీతమే దీనికి మూలమని 2011లో వెల్లడయింది. నూట ముప్పై ఏళ్లు స్వదేశీ గీతంగా అనుభూతమైనది అన్యదేశీయమని తేలడం సమన్వయవిధానం ఎంత లోతుగా పాతుకున్నదో చెప్పడానికి తగిన నిదర్శనం.

జాతీయగీతమైన 'కిమిగయో' చరిత్ర ఇందుకు భిన్నమైనది. బ్రిటిష్ బ్యాండు నాయకుడు ఫెంటన్ మొదట కట్టిన వరుస జపాను పదోచ్చారణకు అతకలేదు. 1880లో ఆస్థాన గగాకు విద్వాంసులు 'రిత్సు' క్రమంలో నూతన వరుసను కూర్చారు. జర్మను బ్యాండు నాయకుడు ఫ్రాంజ్ ఎకర్ట్ దానికి పాశ్చాత్య స్వరసంవాదాన్ని సమకూర్చాడు. పాఠశాలగీతాలలో వరుస పరదేశానిది, మాట స్వదేశానిది. ఇక్కడ వరుస, మాట రెండూ స్వదేశానివి. అలంకరణ మాత్రమే పరదేశానిది.

గీతసాహిత్యం - భాష

తొలి పాఠశాలగీతాల భాష ప్రాచీన కావ్యభాష. నీతి, రాజభక్తి, ప్రకృతివర్ణన వాటి వస్తువులు. పిల్లలు అర్థం తెలియకుండానే వాటిని పాడేవారు. 1900 ప్రాంతాన తమురా తొరజో మొదలైనవారు వ్యవహారభాషలో పిల్లలపాటలను రచించే ఉద్యమాన్ని నడిపారు. వచనరచనలో అంతకుముందే మొదలైన వాగ్లిఖిత భాషైక్య వాదమే పాటలోనూ ప్రవేశించిందని గ్రహించాలి. 1911-14 మధ్య విద్యాశాఖ స్వయంగా తరగతులవారీ గీతసంపుటాలను ప్రకటించింది. 'ఫురుసతొ' అనగా 'పుట్టినవూరు' అనే గీతం 1914లో ఆ వరుసలో వచ్చినదే.

ప్రభుత్వగీతాలలో బాలుని మనస్సు లేదని కవులు విమర్శించారు. 1918లో సుజుకి మియెకిచి స్థాపించిన 'అకై తొరి' పత్రిక 'దోయో' అనే బాలగేయోద్యమానికి కేంద్రమైంది. కితహరా హకుషూ, సైజో యాసో వంటి కవులు అందులో రచించారు. యమదా కోసకు (1886-1965) మికి రొఫూ రచనకు 1927లో స్వరపరచిన 'అకతొంబొ' అనగా 'ఎర్ర తూనీగ' ఈ ధోరణిలో ప్రసిద్ధమైనది. దీని వరుస మోహన స్వరాలలోనే నడుస్తుంది. జపాను భాషలో పదాలకు స్వరోచ్చనీచాలు ఉన్నాయి. వైదిక ఉదాత్తానుదాత్తాల వలె ఇవి అర్థభేదకాలు కూడా కాగలవు. గీతంలోని ఆరోహణావరోహణలు మాటలోని ఉచ్చనీచాలను అనుసరించాలని యమదా నియమం పెట్టుకొన్నాడు. పరదేశపు వరుసలకు మాటలను అతికిన తొలి కాలంలో ఈ విచారణకు అవకాశమే లేదు. అర్ధశతాబ్ది తరువాత స్వరకర్త మాటను చెవియొగ్గి విని పాట కట్టే స్థితి వచ్చింది.

టోక్యో సంగీత పాఠశాల విద్యార్థి తకి రెంతరో (1879-1903) రచించిన 'కోజో నొ త్సుకి' (1901) ఈ సందర్భంలో స్మరణీయం. శిథిలదుర్గంపై వెన్నెలను వర్ణించే ఈ గీతం మూలంలో ఒకచోట ప్రతిమధ్యమం ఉంది. అనంతరం యమదా దీనిని సంస్కరించినపుడు ఆ స్వరాన్ని శుద్ధమధ్యమంగా మార్చాడు. లోకంలో ఎక్కువగా వ్యాపించింది సంస్కృతరూపమే. ఒక్క స్వరాన్ని గురించిన ఈ భేదంలో జపాను స్వరకర్తల అంతర్మథనం కనిపిస్తుంది.

సంప్రదాయ సంగీత స్థితి

సమన్వయం పేరుతో పాఠశాలలో నిలిచినది ఆచరణలో పాశ్చాత్యపద్ధతే. సంగీత పరిశోధన విభాగం కోతో విద్వాంసులను నియమించుకొన్నమాట నిజమే. సంగీత పాఠశాల 1888లో కోతో గీతాలను పాశ్చాత్య లిపిలో ప్రకటించింది. అయితే అసభ్యాలని భావించిన మాటలను మార్చి మరీ ప్రకటించింది. ఆ పాఠశాలలో సంప్రదాయ సంగీతానికి పూర్తిస్థాయి శాఖ 1936లో గాని ఏర్పడలేదు.

నష్టం పాటలకు మాత్రమే పరిమితం కాలేదు. బోధనపద్ధతి కూడా మారింది. సంప్రదాయ విద్యలో 'కుచి-షోగా' అనే పద్ధతి ఉంది. వాద్యం పట్టడానికి ముందే శిష్యుడు వాద్యధ్వనులను అక్షరరూపంలో నోట పలుకుతాడు. షామిసెన్‌కు 'చిన్, తొన్, షన్', కోతోకు 'కొరోరిన్' వంటి అక్షరసముదాయాలు ఉన్నాయి. మృదంగ శిష్యుడు జతులను నోట పలికి తరువాత చేత పలికించడం వంటిదే ఇది. ఏ తంత్రిని మీటాలో, ఏ బలంతో మీటాలో, నాదం ఎలా అణగాలో ఆ అక్షరాలే తెలుపుతాయి. స్థాయిని, కాలప్రమాణాన్ని మాత్రమే చూపే పాశ్చాత్య లిపి ఈ నాదభేదాలను పట్టలేదు. గురుముఖతః వచ్చే విద్య గురుకుటుంబాలలో మిగిలింది. తరగతి గదిలో ఆర్గను చేరింది.

ఆ ఆర్గను చరిత్ర కూడా విద్యాచరిత్రలో భాగమే. 1887లో యమహా తొరకుసు హమమత్సు పట్టణ పాఠశాలలోని విదేశీ ఆర్గనును బాగుచేశాడు. దానిని చూసి తానే ఒకటి నిర్మించి టోక్యోకు మోసుకొనిపోయాడు. శ్రుతి సరిగా లేదని సంగీత పాఠశాల పెద్దలు నిర్ణయించారు. అతడు అక్కడే ఉండి శ్రుతిశాస్త్రాన్ని అభ్యసించి తిరిగి నిర్మాణానికి పూనుకొన్నాడు. అతని సంస్థ 1897లో 'నిప్పొన్ గక్కి'గా ఏర్పడింది. పాఠశాలగానం వాద్య పరిశ్రమకు జన్మనిచ్చింది. ఆ పరిశ్రమ 1954లో తానే పిల్లల సంగీత తరగతులను ఆరంభించింది.

సంప్రదాయంలో నవ్యత రాలేదనుకోవడం పొరపాటు. అంధ కోతో విద్వాంసుడు మియగి మిచియో (1894-1956) సంప్రదాయవాద్యాలలో పాశ్చాత్య రచనాధర్మాలను ప్రవేశపెట్టాడు. 1921లో మంద్రస్థాయికోసం పదిహేడు తంత్రుల కోతోను కల్పించాడు. కోతో, షకుహాచి వాద్యాలకు 1929లో రచించిన 'హరు నొ ఉమి' (వసంత సముద్రం) లోకప్రసిద్ధి పొందింది. ప్రభుత్వం పైనుంచి చేయదలచిన సమన్వయాన్ని ఈయన వాద్యం లోపలినుంచి సాధించాడు.

రాజ్యప్రయోజనం - గానం

గానాన్ని చిత్తసంస్కారానికి సాధనంగా ప్రవేశపెట్టిన రాజ్యం దానిని తన అవసరాలకు వినియోగించుకొంది. 1895లో జపాను వశమైన తైవానులో తొలి విద్యాధికారి ఇసావాయే. పాఠశాలగీతం సామ్రాజ్యభాషను వ్యాపింపజేసే సాధనమైంది. 1941లో ప్రాథమిక పాఠశాలలు 'జాతీయ పాఠశాలలు'గా మారినపుడు పాఠ్యవిషయం పేరు 'షోకా' నుంచి 'ఒంగకు' (సంగీతం) అయింది. పాశ్చాత్య స్వరనామాలను తొలగించి 'హ, ని, హొ' అనే దేశీయాక్షరాలను ప్రవేశపెట్టారు. శ్రవణశిక్షణ దేశరక్షణకు ఉపకరిస్తుందని భావించారు. స్వరనామాలు స్వదేశీయమయ్యాయి గాని స్వరవ్యవస్థ పాశ్చాత్యంగానే ఉండిపోయింది.

యుద్ధానంతరం 1947 పాఠ్యప్రణాళిక సంగీతాన్ని ప్రబోధసాధనంగా గాక కళగా బోధించాలని ప్రకటించింది. అయితే ఆ కళకు ప్రమాణం ఐరోపా శాస్త్రీయ సంగీతమే.

మాతృభాషాన్యాయం

యుద్ధానంతర జపాను ప్రపంచానికి ఇచ్చిన బోధనపద్ధతి సుజుకి షిన్‌ఇచి (1898-1998) పేర ప్రసిద్ధమైంది. ఈయన నగోయాలోని వయొలిన్ నిర్మాత కుమారుడు. 1920ల దశకంలో బెర్లినులో కార్ల్ క్లింగ్లర్ వద్ద అభ్యసించాడు. జపాను పిల్లలందరూ జపాను భాషను అవలీలగా మాట్లాడుతున్నారనే సాధారణ విషయం నుంచి ఆయన సిద్ధాంతం పుట్టింది. భాష విషయంలో మందబుద్ధులు లేనపుడు సంగీతంలో ఎందుకు ఉండాలి? ఆయన ప్రశ్న ఇదే. 1946లో మత్సుమొతొ పట్టణంలో బోధన ప్రారంభించాడు.

పద్ధతి సరళమైనది. శిశువు ముందుగా పాఠ్యగీతాలను పదేపదే వింటాడు. తల్లి మొదట తాను కొంత నేర్చి, ఇంటిలో శిక్షకురాలు అవుతుంది. నేర్చిన పాటను విడిచిపెట్టక కొత్తపాటతోపాటు వల్లెవేయిస్తారు. మాటలు వచ్చిన తరువాతనే అక్షరాభ్యాసం జరిగినట్లు, వాదనలో నిలకడ వచ్చిన తరువాతనే లిపిపఠనం నేర్పుతారు. 1955లో టోక్యోలో వెయ్యిమందికి పైగా పిల్లలు కలిసి వాయించిన కచేరీ, 1964లో అమెరికాలో శిష్యబృందం చేసిన ప్రదర్శన ఈ పద్ధతికి ప్రఖ్యాతి తెచ్చాయి. నేర్పిన సంగీతం ఐరోపాది. నేర్పిన తీరులో మాత్రం శ్రవణం, అనుకరణం, ఆవృత్తి అనే ప్రాచ్యవిద్యా లక్షణాలు ప్రస్ఫుటంగా ఉన్నాయి. తరగతిగది పోగొట్టుకొన్న శ్రుతిపరంపర మరొక ద్వారం నుంచి తిరిగి వచ్చిందని భావించవచ్చు.

పునర్విచారం

స్వదేశీ సంగీతాన్ని దాని స్వీయలక్షణాలతో శాస్త్రీయంగా వివరించే ప్రయత్నం 1895లో ఉఎహరా రొకుషిరో గ్రంథంతో మొదలైంది. ఈయన నగరసంగీతంలో 'ఇన్', గ్రామీణ సంగీతంలో 'యో' అనే రెండు క్రమాలను గుర్తించాడు. దానిని పరిణతికి తెచ్చినవాడు కొఇజుమి ఫుమియో (1927-1983). ఈయన 1957లో భారతదేశం వచ్చి మద్రాసు, లక్నో నగరాలలో మన సంగీతాన్ని అభ్యసించినవాడు. 1958లో వెలువడిన గ్రంథంలో చతుర్థ అంతరాన్ని ఆవరించే రెండు స్థిరస్వరాల నడుమ ఒక చరస్వరం నిలిచే స్థానాన్ని బట్టి జపాను స్వరక్రమాలు నాలుగని నిరూపించాడు. ఆ చతుర్థ అంతరం అంటే మన షడ్జ శుద్ధమధ్యమాల నడుమ ఉండే దూరం. ఆ నాలుగు క్రమాల స్వరస్థానాలను మన రాగాలతో పోల్చి చూడవచ్చు. జానపద క్రమం శుద్ధధన్యాసిని, నగరగీత క్రమం కర్ణాటక శుద్ధసావేరిని, రిత్సు క్రమం శుద్ధసావేరిని, ర్యూక్యూ క్రమం గంభీరనాటను పోలి ఉంటాయి. ఈ సామ్యం స్వరస్థానాలకే పరిమితం. గమకం, జీవస్వరం, సంచారం వేరుగనుక వీటిని రాగసామ్యంగా భావించరాదు. పిల్లల ఆటపాటలలో ఈ క్రమాలు జీవించి ఉన్నాయని, సంగీతబోధ అక్కడినుంచే ప్రారంభం కావాలని కొఇజుమి వాదించాడు.

1967లో తకెమిత్సు తోరు 'నవంబర్ స్టెప్స్' అనే రచనలో బివా, షకుహాచి వాద్యాలను పాశ్చాత్య వాద్యబృందం ఎదుట నిలిపి, రెంటినీ కలపక, భేదాన్నే సౌందర్యంగా చూపాడు. న్యూయార్కులో జరిగిన ఆ ప్రదర్శనకు ఒజవా సెయిజి (1935-2024) నాయకత్వం వహించాడు. ఇసావా నాటి సమన్వయసిద్ధాంతానికి ఇది ప్రత్యుత్తరం వంటిది.

పాఠశాలలో మార్పు మరింత ఆలస్యంగా వచ్చింది. మాధ్యమిక పాఠశాల మూడు సంవత్సరాలలో ఒక్క స్వదేశీవాద్యాన్నైనా విద్యార్థి అభ్యసించాలని 1998 పాఠ్యప్రణాళిక నిర్దేశించింది. ఇది 2002 నుంచి అమలయింది. విద్యాశాసనం వెలువడి అప్పటికి 130 సంవత్సరాలు. అయితే నేర్పవలసిన ఉపాధ్యాయులు పియానోతో శిక్షణ పొందినవారు. 1872లో గానానికి ఏర్పడిన సమస్యే ఇక్కడా ఎదురైంది: శాసనం ఉన్నది, బోధించే గురువు అరుదు.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఉమ్మడి స్వరభూమి ఉన్నచోటనే పరసంగీతం వేరూనింది. యోనానుకి విజయరహస్యం ఇదే. లిపి, వాద్యం, బోధనపద్ధతి అనేవి సంగీతానికి బాహ్యాలు కావు. వాటిని మారిస్తే సంగీతమే మారుతుంది. పాఠశాలలో చోటు దొరకని కళ నశించకపోవచ్చు గాని, సామాన్యుని అనుభవం నుంచి దూరమై నిపుణుల సొత్తు అవుతుంది.

మెయిజీ యుగాంతానికి కొద్ది సంవత్సరాల ముందే, 1904లో, సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో ప్రకటించి, గమకాలకు ప్రత్యేక చిహ్నాలను కల్పించాడు. ముద్రణయుగాన్ని స్వీకరిస్తూనే స్వీయనాదాన్ని విడువని మార్గం అది. జపాను ఎన్నుకొన్న మార్గం వేరు. పోయినదానిని తిరిగి తరగతిలోకి తెచ్చుకోవడానికి ఆ దేశం శతాబ్దికి పైగా కాలాన్ని వెచ్చించవలసివచ్చింది. పాఠ్యప్రణాళికలను నిర్మించే విద్యావేత్తలు గుర్తుంచుకోదగిన విషయం ఇది. ఒక కళను పాఠశాల నుంచి తొలగించడానికి ఒక్క వాక్యం చాలును. దానిని తిరిగి ప్రవేశపెట్టడానికి ఒక తరం గురువులు కావాలి.